నెత్తుటి దారులు, చెన్నపట్నం వైద్యం: ఒక సింహావలోకనం

1664లో సెయింట్ జార్జి కోట లోపల ఈస్టిండియా కంపెనీ తన సైనికుల కోసం ఒక చిన్న ఆసుపత్రి తెరిచింది. నెత్తురు ఒంట్లో తిరిగి తిరిగి గుండెకే చేరుతుందని లండన్ వైద్యుడు విలియం హార్వే పుస్తకం అచ్చేసి అప్పటికి 36 ఏళ్లు. ఇటలీలో మార్సెల్లో మాల్పీగీ సూక్ష్మదర్శిని కింద కప్ప ఊపిరితిత్తిని పెట్టి, ధమనికీ సిరకూ నడుమ వెంట్రుక కన్నా సన్నని దారులున్నాయని కళ్లారా చూసి మూడేళ్లు. అంటే ఈనాడు రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి పేరుతో ఉన్న సంస్థ వయసూ, రక్తనాళాల గురించి మనిషికి కలిగిన సరైన అవగాహన వయసూ ఇంచుమించు ఒకటే. ఈ మూడున్నర శతాబ్దాల్లో ఆ అవగాహన ఎటు నడిచింది, చెన్నపట్నం దానికి ఏం చేర్చింది, దేన్ని ఆలస్యంగా పట్టించుకుంది అన్నది చూడబోతున్నాం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గుండెకు, కాలికి పోయే పెద్ద నాళాలకు చేసిన వైద్యం ఈ నగరానికి దేశమంతటా పేరు తెచ్చింది. చెడుపు మాత్రం చాలావరకు సన్న నాళాల్లో, ఒక్క కణం మందమున్న లోపలి పొర దగ్గర, ఏ నొప్పీ లేకుండా మొదలవుతుంది. ఆ మొదటి చెడుపును వెతుక్కుంటూ ఇళ్లకు, బస్తీలకు, పల్లెలకు వెళ్లినవాళ్ల పనే ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనదని నేను నమ్ముతున్నాను. అలాంటి పనికి పత్రికల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

హార్వేకు ముందు పద్నాలుగు వందల ఏళ్ల పాటు యూరప్ గ్రీకు వైద్యుడు గేలెన్ మాటనే నమ్మింది. కాలేయంలో నెత్తురు పుడుతుంది, సిరల వెంట అవయవాలకు వెళ్తుంది, అక్కడే ఖర్చయిపోతుంది అన్నాడాయన. మన సుశ్రుత సంహిత 700 సిరలనూ 24 ధమనులనూ లెక్కపెట్టి, వాటి మూలం నాభి అంది. తోటకు కాలవల నీళ్లు పారినట్టు సిరలు దేహాన్ని పోషిస్తాయంది. నెత్తురు తీసే వైద్యానికి ఏ సిరను కోయాలో చెబుతూనే, ఎట్టి పరిస్థితిలోనూ ముట్టకూడని సిరలు 98 అని హెచ్చరించింది. సుశ్రుతుడికి రక్త ప్రసరణ ముందే తెలుసని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన నాకు సమ్మతం కాదు, ఆయన గొప్పతనానికి దాని అవసరమూ లేదు. తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు పోషణ బొడ్డు గుండానే వస్తుందన్న పరిశీలన మీద నిలబడి, తిన్నది ఒంట్లో ప్రతి మూలకూ ఎలా చేరుతుందని అడిగాడు. అది సరైన ప్రశ్న. ముట్టకూడని సిరల పట్టిక, చేత్తో పని చేసినవాడు తప్ప మరొకడు రాయలేని పట్టిక.

పదమూడో శతాబ్దంలో అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ గుండె కుడి భాగం నుంచి ఎడమ భాగానికి నెత్తురు ఊపిరితిత్తుల మీదుగానే వెళ్తుందని తేల్చాడు. హార్వే చేసింది లెక్క. గుండె ఒక్కో దెబ్బకు తోసే నెత్తురును అంచనా కట్టి, అరగంటలో అది ఒంట్లో ఉన్న మొత్తం నెత్తురును దాటిపోతుందని చూపాడు. తిన్న తిండి నుంచి అరగంటకోసారి అంత నెత్తురు కొత్తగా పుట్టడం అసాధ్యం కాబట్టి, ఉన్నదే తిరుగుతూ ఉండాలి. ఈనాటి లెక్కలో విశ్రాంతిగా ఉన్న ఎదిగిన మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్లు తోస్తుంది. ఒంట్లో ఉన్న నెత్తురూ దాదాపు అంతే. హార్వే తర్కంలో ఒక్క లంకె తక్కువైంది: ధమనిలోంచి నెత్తురు సిరలోకి ఎలా దాటుతుందో ఆయన చూడలేకపోయాడు. ఆయన పోయిన నాలుగేళ్లకు మాల్పీగీ చూశాడు.

ఆ విద్య మద్రాసుకు రావడానికి చాలా కాలం పట్టింది. కోటలోని ఆసుపత్రి 1772లో ఇప్పుడున్న చోటికి మారింది. 1835 ఫిబ్రవరి 2న దాని పక్కనే వైద్య పాఠశాల మొదలై, 1850లో మద్రాసు మెడికల్ కాలేజీ అయింది. 1842లో గానీ జనరల్ ఆసుపత్రి తలుపులు భారతీయ రోగులకు తెరుచుకోలేదు. తర్వాత నెల్లూరు, గూడూరు, చిత్తూరు వైపు తెలుగువాళ్లకు అదే పెద్దాసుపత్రి. ఊళ్లో డాక్టరు చేతులెత్తేస్తే మద్రాసు తీసుకుపోవడమే.

దేశీయ వైద్యులకూ కొత్త శరీరశాస్త్రానికీ మధ్య మద్రాసులో జరిగిన సంభాషణను మన చరిత్రకారులు ఇంకా సరిగా రాయలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి ఆయుర్వేదం వైపు మళ్లిన ఆచంట లక్ష్మీపతి తెలుగులో శాస్త్ర గ్రంథాలు రాశారు. ఆవడిలో ఆరోగ్యాశ్రమం నడిపారు. దేశీయ వైద్యం మీద 1921లో వేసిన ఉస్మాన్ కమిటీ సిఫార్సుల ఫలితంగా 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల తెరుచుకుంది. కమిటీ కార్యదర్శిగా పనిచేసిన కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తే దానికి అధిపతి. ఆయుర్వేద, సిద్ధ, యునానీ విద్యార్థులు అక్కడ తమ గ్రంథాలతోపాటు ఆధునిక శరీర నిర్మాణ శాస్త్రమూ చదివారు. నాడి పట్టి జబ్బు చెప్పే సంప్రదాయంలో పెరిగిన కుర్రవాడు, తాను వేలితో తాకే చోట చర్మం కింద ఉన్న ధమనిని కోసి చూసి తెలుసుకునే వీలు కలిగింది. ఆ ప్రయోగం అలాగే కొనసాగి ఉంటే మంచి వైద్యులు వచ్చేవారని నా నమ్మకం. అది క్రమంగా కీల్పాక్ మెడికల్ కాలేజీగా మారి, మామూలు అల్లోపతి కళాశాలల్లో ఒకటైంది.

ఇంతకూ కోసి చూస్తే ఏముంటుంది? గుండె నుంచి బయలుదేరే మహాధమని వ్యాసం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. గోడలో మూడు పొరలు. లోపల నునుపైన అంతఃపొర. మధ్యలో కండరమూ సాగే నారలూ. పైన బలమైన పీచు పొర. మహాధమని గోడ ఎంత మందమంటే, దాని బయటి భాగానికి నెత్తురు అందించడానికి వేరే చిన్న నాళాలు అవసరమవుతాయి. గుండె ముడుచుకున్నప్పుడు మహాధమని సాగి కొంత నెత్తురును తనలో దాచుకుంటుంది. గుండె వదులైనప్పుడు తిరిగి కుంచించుకుని దాన్ని ముందుకు తోస్తుంది. గుండె ఆగి ఆగి కొడుతున్నా అవయవాలకు నెత్తురు ఆగకుండా అందేది అందుకే. వయసుతో, ఉప్పుతో, పొగాకుతో ఈ సాగే గుణం పోతే పై బీపీ పెరుగుతుంది.

శాఖలై చీలుతూ ధమనులు సన్నబడతాయి. చిట్టచివరి ధమనికల్లో సాగే నారలు తగ్గి కండరం పాలు పెరుగుతుంది. ఏ అవయవానికి ఎంత నెత్తురు పోవాలో తేల్చేవి ఇవే. ఫ్రెంచి వైద్యుడు పొయిసేయి 1840 ప్రాంతంలో తేల్చిన సూత్రం ప్రకారం నాళం వ్యాసార్ధం సగమైతే పారే ద్రవం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. అన్నం తిన్నాక పొట్టకు, మెట్లెక్కేటప్పుడు తొడలకు, మార్చి ఎండలో చర్మానికి నెత్తురు మళ్లించడానికి ఒళ్లు పెద్దగా కష్టపడనక్కర్లేదు. ధమనికల కండరం కొద్దిగా వదులైతే చాలు. గుండె ధమనిలో కొవ్వు పేరుకుని దారి సగం మూసుకునే దాకా ఏమీ తెలియని మనిషికి, ఆ తర్వాత కొద్దికాలంలోనే నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టేయడం వెనక ఉన్నదీ ఆ సూత్రమే.

ఆ తర్వాత కేశనాళికలు. వ్యాసం 5 నుంచి 10 మైక్రోమీటర్లు. ఎర్రకణం వ్యాసం 7, 8 మైక్రోమీటర్లు ఉంటుంది కాబట్టి చాలాచోట్ల అది వంగి, నలిగి, ఒకదాని వెనక ఒకటిగా దాటాలి. గోడ ఒకే ఒక్క కణం మందం. మహాధమనిలో సెకనుకు పదుల సెంటీమీటర్ల వేగంతో దూకే నెత్తురు ఇక్కడ సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా కదలదు. ఆ తీరికలోనే ప్రాణవాయువు, చక్కెర కణాలకు అందుతాయి, వ్యర్థాలు వెనక్కి వస్తాయి. మిగతా నాళాలన్నీ ఈ చోటికి నెత్తురును తెచ్చి, తీసుకుపోవడానికే ఉన్నాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో, కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడు కేశనాళికలన్నీ పారవనీ, పనిచేసేటప్పుడు మరిన్ని తెరుచుకుంటాయనీ చూపి 1920లో నోబెల్ పొందాడు. కంటి నల్లగుడ్డు మీది పారదర్శకపు పొరలోనూ కీళ్ల మృదులాస్థిలోనూ మాత్రం ఈ నాళాలు లేవు.

సిరల సంగతి వైద్య పుస్తకాల్లో ఎప్పుడూ తక్కువే రాస్తారు. ఒంట్లోని నెత్తురులో దాదాపు మూడింట రెండు వంతులు ఏ క్షణంలో చూసినా సిరల్లోనే ఉంటుంది. వాటి గోడ పలచన, ఒత్తిడి తక్కువ. పాదం నుంచి గుండె దాకా నెత్తురు ఎదురెక్కాలంటే పిక్క కండరాలు పిండాలి, వెనక్కి జారకుండా కవాటాలు పట్టుకోవాలి. ఆ కవాటాలను 1603లో ప్రచురించిన ఫాబ్రీసియస్ హార్వేకు పాడువాలో గురువు. రోజంతా కదలకుండా నిలబడేవాళ్లకు పిక్క పిండదు. నెత్తురు కిందే నిలిచి, సిరలు ఉబ్బి, మెలికలు తిరిగి, చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు పడుతుంది. టి.నగర్ రంగనాథన్ వీధిలో బట్టల దుకాణాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోకుండా పనిచేసే అమ్మాయిలకు ఇది తెలిసిన బాధే. 2021లో తమిళనాడు శాసనసభ దుకాణాల చట్టాన్ని సవరించి, పనివాళ్లందరికీ కూర్చునే సదుపాయం తప్పనిసరి చేసింది. సిరల కవాటాల మేలు కోరి ఈ నగరంలో జరిగిన పనుల్లో దాన్ని ముందు వరసలో పెట్టాలి.

చాలాకాలం వైద్యులు లోపలి పొరను ఒట్టి నునుపు పూతగా భావించారు. 1980లో అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు మహాధమని ముక్కల మీద పనిచేస్తూ, ఆ పొర ఉన్న ముక్క ఎసిటైల్‌కోలిన్‌కు వదులవుతుందనీ, పొరను గీకేస్తే వదులు కాదనీ ప్రచురించాడు. పొర ఏదో సందేశం పంపుతోంది. ఆ సందేశం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. ఆ పరిశోధనకు 1998లో నోబెల్ వచ్చింది. నాళాన్ని వదులు చేయడం, నెత్తురు గడ్డకట్టకుండా చూడడం, తెల్లకణాలు అంటుకోకుండా ఆపడం, అవసరమైతే కొత్త నాళాలు మొలిపించడం, అన్నీ ఆ పొర పనులే. షుగరు, బీపీ, పొగాకు ముందుగా దెబ్బతీసేది దాన్నే. రక్తనాళాన్ని గొట్టంగా చూసే అలవాటు పుస్తకాల్లో అప్పటితో పోయింది. రోగుల మాటల్లో, కొందరు వైద్యుల మాటల్లో ఇంకా పోలేదు: బ్లాకు తీసేశారు, ఇక బాగైపోయింది అంటారు.

ఈ పొర తెగితే ఏమవుతుందో మన రైతులకు అంతకుముందే తెలుసు. స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి, మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో ఒక పాముకు స్థానిక తెలుగు పేరు ‘కాటుక రేకుల పొడ’ అని రాసుకున్నాడు. మనం రక్తపింజర అంటాం. ప్రపంచం ఆయన పేరు మీద రస్సెల్స్ వైపర్ అంటుంది. దాని విషం నెత్తురులోని గడ్డకట్టే అంశాలను ఒక్కసారిగా రెచ్చగొట్టి ఖర్చు చేసేస్తుంది. తర్వాత నెత్తురు గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. అదే విషంలోని మరికొన్ని ఎంజైములు సన్న నాళాల గోడను కరిగిస్తాయి. చిగుళ్ల నుంచి, కాటు నుంచి నెత్తురు కారుతుంది, మూత్రం ఎర్రబడుతుంది, మూత్రపిండాలు ఆగిపోతాయి. పాముకాటు రోగిని చూసే వార్డులో ఇప్పటికీ మొదటి పరీక్ష అతి సులువైనది: శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త నెత్తురు పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. వంచినప్పుడు కారిపోతే విషవిరుగుడు వెంటనే ఇవ్వాలి.

ఆ విరుగుడు తయారీకి కావలసిన విషంలో పెద్ద భాగం చెన్నై శివార్లలోని వడనెమ్మేలి నుంచే వస్తుంది. 1978లో ఏర్పడిన, పాములు పట్టే ఇరుళర్ల సహకార సంఘం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల విషాన్ని తీసి కంపెనీలకు అందిస్తుంది. పాముల్ని చంపి తోళ్లమ్ముకోవడం చట్టం ఆపేశాక వీధిన పడ్డ కుటుంబాలకు, అవే పాములతో బతుకుతెరువు దొరికింది. ఇక్కడొక విషయం తప్పక చెప్పాలి. 1934లో ఇంగ్లండులో మెక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు, హీమోఫిలియా రోగుల గాయాల మీద రక్తపింజర విషాన్ని పలుచన చేసి పూసి నెత్తురు ఆపారు. చిన్న పింజర విషంలోని ఒక ప్రోటీన్‌ను చూసి మలిచిన టైరోఫైబన్ మందును ఇవాళ యాంజియోప్లాస్టీ గదుల్లో గడ్డలు కట్టకుండా వాడతారు. బ్రెజిల్ పాము విషం నుంచి వచ్చిన ఆలోచనతోనే కాప్టోప్రిల్ అనే బీపీ మాత్ర పుట్టింది. నాళం గోడ రహస్యాలు పాములకు మనకన్నా కోట్ల ఏళ్ల ముందే తెలుసు.

ఇక శస్త్రచికిత్స. తెగిన నాళాన్ని సన్నని సూదితో, లోపలి పొర నలగకుండా కుట్టే పద్ధతిని ఫ్రెంచి వైద్యుడు అలెక్సిస్ కారెల్ 1902లో ప్రకటించాడు. 1912లో నోబెల్ అందుకున్నాడు. 1967లో క్లీవ్‌లండ్‌లో ఫావలోరో కాలి సిర ముక్కను తీసి, మూసుకుపోయిన గుండె ధమనిని దాటించి కుట్టాడు. ఎనిమిదేళ్లకు, 1975లో, మన దేశంలో మొదటి కరొనరీ బైపాస్ పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో జరిగింది. చేసినవారు డాక్టర్ కె.ఎం. చెరియన్, అప్పటికి ఆయనకు 33 ఏళ్లు. రైల్వే కార్మికుల కోసం కట్టిన ప్రభుత్వ ఆసుపత్రిలో ఇది జరిగిందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఈనాడు బైపాస్ అనగానే కార్పొరేట్ ఆసుపత్రి గుర్తుకొచ్చే తరానికి అది నమ్మశక్యంగా ఉండదు.

కార్పొరేట్ ఆసుపత్రి కూడా ఈ నగరంలోనే మొదలైంది. చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టి, స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో గుండె వైద్యుడిగా పనిచేసి తిరిగొచ్చిన ప్రతాప్ సి. రెడ్డి, 1979లో 38 ఏళ్ల రోగి ఒకరు విదేశం వెళ్లి ఆపరేషన్ చేయించుకోలేక చనిపోవడం చూసి కదిలిపోయారు. 1983 సెప్టెంబరు 18న గ్రీమ్స్ రోడ్డులో 150 పడకలతో అపోలో మొదలైంది. జూరిచ్‌లో 1977లో మొదటి బెలూన్ యాంజియోప్లాస్టీ చేసిన గ్రూంట్‌జిగ్ దగ్గర పని నేర్చుకున్న డాక్టర్ మాథ్యూ శామ్యూల్ కలరికల్ 1986లో ఆ పద్ధతిని అపోలోలోనే మన దేశానికి పరిచయం చేశారు. ఛాతీ తెరవకుండా తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి గుండె ధమని దాకా వెళ్లే ఆ దారి వేలమందికి ప్రాణం పోసింది. ఈ రెండు ఘట్టాల్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే ఆ శస్త్రచికిత్సలు నాళం గురించి నేర్పిన పాఠం కూడా చెప్పాలి. కాలి సిరకు అలవాటైన ఒత్తిడి చాలా తక్కువ. దాన్ని తెచ్చి ధమని స్థానంలో కుడితే, ఆ తాకిడికి గోడ మందమెక్కుతుంది. పదేళ్లు తిరిగేసరికి దాదాపు సగం సిర ముక్కలు మూసుకుపోతాయి. ఛాతీ గోడ లోపలి ధమనిని మళ్లించి కుడితే అదే పదేళ్లకు 90 శాతం పైగా తెరిచే ఉంటాయి, దాని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది కాబట్టి. ఇదే గుణాన్ని డయాలసిస్ వైద్యులు మరోలా వాడుకున్నారు. 1966లో బ్రెషియా, చిమీనో ముంజేతి ధమనిని సిరకు కలిపి కుట్టారు. కొన్ని వారాల్లో సిర బలిసి, వారానికి మూడుసార్లు లావుపాటి సూదులు తట్టుకునేంత గట్టిపడింది. ఫిస్టులా వేశారు అంటారు రోగులు, ఆ చేతిని కళ్లలో పెట్టుకుని కాపాడుకుంటారు. గొట్టమైతే బలిసేదీ కాదు, మూసుకుపోయేదీ కాదు. బతికున్న గోడ కాబట్టి తన మీద పడిన బరువుకు తగ్గట్టు మారుతుంది.

జనరల్ ఆసుపత్రిలో రక్తనాళాల శస్త్రచికిత్సకు విడిగా విభాగం 1970ల చివర్లో ఏర్పడింది. దేశంలో అలాంటి విభాగాల్లో అది మొదటి తరానిది. అక్కడికి వచ్చేవాళ్లలో పొగతాగి కాలి ధమనులు మూసుకుపోయిన నడివయసు మగవాళ్లుంటారు. నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే తగ్గుతుంది. పట్టించుకోకపోతే వేలు నల్లబడుతుంది. బీడీ మానకపోతే ఏ శస్త్రచికిత్సా నిలబడదని అక్కడి వైద్యులు చెప్పని రోజుండదు.

షుగరు కాళ్ల కథ వేరు. స్టాన్లీ ఆసుపత్రిలో 1948లో డాక్టర్ ఎం. విశ్వనాథన్ దేశంలోనే మొదటిదని చెప్పుకునే మధుమేహ క్లినిక్‌ను మొదలుపెట్టారు. తర్వాత రాయపురంలో ప్రత్యేక ఆసుపత్రి నిలబెట్టారు. ఆయన శిష్యులు, కుటుంబ సభ్యులు చెన్నైని మధుమేహ పరిశోధనకు దేశపు ముఖ్య కేంద్రంగా మార్చారు. వాళ్లు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి ఇంటింటి సర్వేలు. 1990ల రెండో భాగంలో టి.నగర్‌లో ఒక మధ్యతరగతి కాలనీ, తిరుమంగళంలో ఒక తక్కువ ఆదాయపు కాలనీ ఎంచుకుని, 1,262 మందిని డాక్టర్ వి. మోహన్ బృందం పరీక్షించింది. గుండె ధమనుల జబ్బు మొత్తం మీద 11 శాతం మందిలో, షుగరు ఉన్నవాళ్లలో 21.4 శాతం మందిలో కనిపించింది. కాలి ధమనుల జబ్బు మొత్తం మీద 3.2 శాతం, షుగరు ఉన్నవాళ్లలో 6.3 శాతం. మెడ ధమని లోపలి పొరల మందాన్ని స్కానుతో కొలిస్తే షుగరు ఉన్నవాళ్లలో సగటున 0.95 మిల్లీమీటర్లు, లేనివాళ్లలో 0.74. ఆ అయిదో వంతు మిల్లీమీటరు తేడా ఏళ్ల తరబడి, ఎవరికీ తెలియకుండా పేరుకున్నది.

కాలి ధమనుల జబ్బు 6.3 శాతమే అయితే, షుగరువాళ్ల కాళ్లు ఇన్ని ఎందుకు పోతున్నాయన్న ప్రశ్న వస్తుంది. పాశ్చాత్య దేశాల అంకెలతో పోలిస్తే అది తక్కువే. మన దగ్గర కాలు పోవడానికి మొదటి మెట్టు తరచుగా స్పర్శ పోవడం. నరాలకు నెత్తురు అందించే అతి సన్నని నాళాలు చెడిపోతే నరం ఎండుతుంది. మేకు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. చెప్పుల్లేకుండా గుడి చుట్టూ వేసవి మధ్యాహ్నం ప్రదక్షిణ చేసి అరికాళ్లు బొబ్బలెక్కినా తెలియదు. పుండు చీము పట్టాక ఆసుపత్రికి వస్తారు. రోజూ రాత్రి అరికాలు చూసుకోవడం, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవడం లాంటి మాటలు పెద్ద శస్త్రచికిత్స కన్నా ఎక్కువ కాళ్లను కాపాడతాయి. పట్టించుకునేవాళ్లే తక్కువ.

ఒంట్లో సన్న నాళాలను కోత లేకుండా చూడగల చోటు కంటి వెనక పొర. 1819లో మద్రాసులో కంటి ఆసుపత్రి మొదలైనప్పుడు ఆ పొరను చూసే సాధనమే లేదు. హెల్మ్‌హోల్ట్స్ 1851లో కనిపెట్టాడు. ఎగ్మోరులో ఉన్న ఆ ఆసుపత్రి రెండు శతాబ్దాలు దాటింది. 1978లో డాక్టర్ ఎస్.ఎస్. బద్రీనాథ్ శంకర నేత్రాలయ స్థాపించారు. మోహన్ బృందమే 2001లో మొదలుపెట్టిన చెన్నై సర్వేలో నగరం నలుమూలల నుంచి 26,001 మందిని పరీక్షించి, అందులో షుగరు ఉన్నవాళ్ల కంటి ఫొటోలు తీస్తే, 17.6 శాతం మందికి నాళాలు చెడిపోయి ఉన్నాయి. ఆ పనికి ముందు నిలిచినవారు డాక్టర్ ఎం. రెమా. కేశనాళికల గోడలు చిన్న చిన్న బుడగలుగా ఉబ్బుతాయి, కారతాయి, మూసుకుపోతాయి. ప్రాణవాయువు అందని చోట పెళుసైన కొత్త నాళాలు మొలుస్తాయి, తెగుతాయి. అంతా జరుగుతున్నా చాలాకాలం చూపు బాగానే ఉంటుంది. అందుకే కళ్లు బాగానే కనిపిస్తున్నాయి కదా అన్న మాట ప్రమాదకరం. 2016లో గూగుల్ పరిశోధకులు కంటి ఫొటోలను చదివే కంప్యూటర్ విధానాన్ని ప్రకటించినప్పుడు, దాన్ని తయారుచేయడానికి వాడిన భారతీయ ఫొటోల్లో శంకర నేత్రాలయవీ ఉన్నాయి.

మూత్రపిండం ఇంకో చోటు. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల కేశనాళికల ఉండలున్నాయి. బీపీ, షుగరు వాటిని చెడగొడితే మూత్రంలో అల్బుమిన్ కారుతుంది. నొప్పి ఉండదు, ఏళ్ల తర్వాత డయాలసిస్ వస్తుంది. అపోలోలో మూత్రపిండాల వైద్యుడిగా పేరున్న డాక్టర్ ఎం.కె. మణి, డయాలసిస్ ఖర్చు భరించలేక వెనుదిరిగే రోగులను చూసి చూసి, మొదటి చెడుపు దగ్గరే ఆపాలని నిశ్చయించుకున్నారు. కిడ్నీ హెల్ప్ ట్రస్టు తరఫున చెన్నై దగ్గరి పల్లెల్లో సుమారు 25,000 జనాభాకు, కాస్త చదువుకున్న స్థానిక అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. వాళ్లు మూత్రంలో అల్బుమిన్, చక్కెర చూశారు, బీపీ కొలిచారు. మందులు అతి చవకైనవి ఎంచారు: బీపీకి రిసర్పిన్, హైడ్రోక్లోరోథయజైడ్, హైడ్రలజైన్. తలసరి ఖర్చు ఏడాదికి 27 అమెరికన్ సెంట్లు. ఆయన దాన్ని 2003లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు.

ఆ రిసర్పిన్ సర్పగంధి వేరు నుంచి వచ్చిన మందు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఆ వేరు బీపీని తగ్గిస్తుందని ప్రపంచానికి చూపాడు. కొత్త మందుల వరదలో దాన్ని ఆసుపత్రులు వదిలేశాయి. పల్లెలో కూలికి రోజూ కొనగలిగిన మందు అదేనని మణి తిరిగి పట్టుకున్నారు. ఆ ఎంపికలో ఉన్న వివేకం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. చెన్నైలోనే డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో మరో సంగతి తేల్చింది. షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు గమనిస్తే, నడక, తిండి మార్పు ఒక్కటే జబ్బు రావడాన్ని 28.5 శాతం తగ్గించింది. మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా దాదాపు అంతే తగ్గించింది.

2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం బీపీ, షుగరు మందులను ఇళ్లకే చేర్చే పథకాన్ని కృష్ణగిరి జిల్లాలో ప్రారంభించింది. మణి, మోహన్, రామచంద్రన్‌ల పనిలో మొలిచిన ఆలోచనలకు ప్రభుత్వ ఖజానా తోడైందని నేను దీన్ని అర్థం చేసుకుంటున్నాను. తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న జిల్లా అది. కానీ పథకం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. గూడూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో వచ్చి చెన్నైలో స్టెంటు వేయించుకున్న మనిషి చేతికి డిశ్చార్జి రోజున ఒక చీటీ ఇస్తారు: గుండెపోటు వచ్చినవాళ్లయితే మామూలుగా ఏడాది పాటు యాస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ లాంటి మరో మాత్ర. స్టెంటు లోహం మీద లోపలి పొర కొత్తగా పరుచుకునే దాకా ఆ రెండూ తప్పనిసరి. మధ్యలో ఆపితే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. ఊరికి వెళ్లాక, మూడో నెల మందులైపోయినప్పుడు ఆయన ఇంటికి వచ్చి అడిగేవాళ్లు ఎవరు? చెన్నై ఆసుపత్రి చీటీని ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చేతికి చేర్చే ఏర్పాటు ఇరు రాష్ట్రాలూ కలిసి చేసుకోవాలి. ఆ చీటీ తెలుగులో కూడా అచ్చు కావాలి.